టీ కాచుకున్న బండి

యుద్ధానికి రాకముందు రోలండ్ లండన్‌లో నాటకాల తెరలు గీసేవాడు. గుడ్డమీద కోట గీస్తే జనం కోటే అనుకునేవారు. ఆ పనితనం చూసే సైన్యం అతన్ని కెప్టెన్‌ని చేసి ఈజిప్టు ఎడారికి పట్టుకొచ్చింది.

పెద్ద దాడికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. దెబ్బ పడేది ఉత్తరాన, సముద్రం పక్కన. జర్మన్లు మాత్రం దక్షిణాన పడుతుందనుకోవాలి. అందుకని ఉత్తరాన అసలు ట్యాంకులకు గుడ్డ డొప్పలు తొడిగి లారీల్లా చేశాడు రోలండ్. దక్షిణాన కర్రలకు గోనెగుడ్డ చుట్టి ఉత్తుత్తి ట్యాంకులు నిలబెట్టాడు. శత్రు విమానాలు పైనుంచి చూసి నమ్మితే సరేసరి. నమ్మకపోతే జర్మన్ ఫిరంగులన్నీ ఉత్తరానే కాచుక్కూర్చుంటాయి. అక్కడ ఒక ట్యాంకు నడిపేవాడు అతని తమ్ముడు విల్ఫ్.

తన నాటకం తనే ఒకసారి చూసుకోవాలనిపించి, సాయంత్రం విమానం ఎక్కాడు.

"ఎలా ఉంది సార్ మీ బొమ్మల కొలువు?" అని అరిచాడు పైలట్.

"బాగానే ఉంది. కానీ ఎక్కడో తేడా కొడుతోందయ్యా."

ఎక్కడన్నది అంతు చిక్కలేదు. నీడలు సరిగ్గానే ఉన్నాయి, చక్రాల జాడలూ సరిగ్గానే ఉన్నాయి. ఇంకో చుట్టు తిప్పమన్నాడు. పైలట్ గొణుక్కుంటూనే తిప్పాడు. అప్పుడు కనబడింది. ఉత్తరాన ప్రతి లారీ పక్కనా సన్నగా పొగ లేస్తోంది.

రోలండ్ నెత్తి కొట్టుకున్నాడు. లారీవాళ్లు వంటడేరా దగ్గర వరసలో నిలబడి టీ తాగుతారు. ట్యాంకువాళ్ల తీరు వేరు. బండి ఆగితే చాలు, సగానికి కోసిన డబ్బాలో ఇసుక పోసి, పెట్రోలుతో తడిపి, అంటించి, అక్కడికక్కడే కాచుకుంటారు. కొంప మునుగుతున్నా ముందు టీ తాగాకే. వాళ్లతో ఇన్నాళ్లుగా తన్నుకుంటున్న జర్మన్లకు ఆ సంగతి తెలియదా? దక్షిణాన గుడ్డ ట్యాంకులేమో, పాపం, టీ అడగవు.

సంగతి విన్న బ్రిగేడియర్ పొట్ట పట్టుకు నవ్వాడు. నవ్వు ఆగాక, "దక్షిణానికి మనుషుల్ని పంపి ప్రతి బొమ్మ దగ్గరా మంట పెట్టించు. ఉత్తరాన పొగ అన్నది లేవకూడదు. ఆ కబురు నువ్వే వెళ్లి చెప్పు. వాళ్ల తిట్లు తినే ఓపిక నాకు లేదు" అన్నాడు.

తిట్లు బాగానే పడ్డాయి. విల్ఫ్ బండిలో ఫిరంగి పేల్చేవాడు ఐవర్. వేల్స్ బొగ్గుగనుల మనిషి, నోరు పెద్దది.

"నీళ్లు తగ్గించారు, ఊరుకున్నాం. ఇప్పుడు టీ కూడానా? ఇంక మేం దేనికోసం కొట్టుకు చావాలండీ?"

"వంటడేరా నుంచి డ్రముల్లో పంపిస్తాగదయ్యా."

"అది టీయా? డ్రము కడిగిన నీళ్లు!"

"సరే, గెలిచాక నేనే వేడివేడిగా కాచి పోస్తాను. సరేనా?"

విల్ఫ్ పకపకా నవ్వాడు. "నమ్మకురా ఐవర్! మా అన్న కాస్తే గడ్డి ఉడికించినట్టుంటుంది."

"గడ్డయినా తాగుతా. కెప్టెన్ మాటిచ్చాడు, నువ్వే సాక్షి" అన్నాడు ఐవర్.

నాటకం పండింది. జర్మన్ ట్యాంకులు సగం దక్షిణాన బొమ్మల వంక చూస్తూ ఉండగానే ఉత్తరాన దెబ్బ పడింది. పోరు సద్దుమణిగాక రోలండ్ టీ పొట్లం, చక్కెర పట్టుకుని తమ్ముణ్ని వెతుక్కుంటూ బయల్దేరాడు.

దారిలో ఒక సిపాయి ఆపి చెప్పాడు. "విల్ఫ్ వాళ్ల బండా? అది పొద్దున్నే టీ కాచుకుందండీ."

ట్యాంకువాళ్ల భాషలో బండి టీ కాచుకుందంటే తగలబడిపోయిందని అర్థం. చావును కూడా టీతోనే చెప్పుకుంటారు వాళ్లు. రోలండ్ ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు.

మాడిపోయిన ట్యాంకు పక్కన మసి మొహాలతో నలుగురు కూర్చున్నారు. వాళ్లలో విల్ఫ్ ఉన్నాడు. తమ్ముణ్ని చూసి బతికిపోయాననుకున్నాడు రోలండ్. మరుక్షణమే ఐదోవాడికోసం చుట్టూ చూశాడు.

"ఐవర్ బయటికి రాలేకపోయాడన్నా" అన్నాడు విల్ఫ్. "బయల్దేరే ముందు, ఇక దాచే పని లేదు కాబట్టి, మంట పెట్టుకోవచ్చని ఆర్డరొచ్చింది. మేం కాచుకున్నాం. వాడు మాత్రం ముట్టుకోలేదు. కెప్టెన్ పోస్తానన్నాడు, ఆ టీయే తాగుతానన్నాడు."

రోలండ్ డబ్బాలో ఇసుక పోసి అంటించాడు. టీ కాచి ఐదు కప్పుల్లో పోశాడు. ఒక కప్పు మాడిన బండి పక్కన పెట్టాడు.

విల్ఫ్ ఒక గుక్క తాగాడు. అన్న మొహంలోకి చూశాడు.

"బాగుందన్నా" అన్నాడు.