గుప్పిట్లో మబ్బు

చివరి గాజు గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య బిగించి, చేతుల్ని స్వెటరు లోపలికి తోసి కూర్చున్నాడు ఆయన. గొట్టాలను వెచ్చబెట్టేందుకు నీళ్లు కాచే యంత్రం పాడై ఏడాదయింది. బాగు చేయించే స్తోమత ఆ చిన్న ప్రయోగశాలకు లేదు. అప్పటినుంచి ఆ పని ఆయన చేతులే చేస్తున్నాయి.

"ఏం కోడిపెట్టా, పిల్లలు లేచాయా?" అంది ప్రయోగశాల నడిపే అమ్మాయి.

"తొందరపెట్టకమ్మా. గుడ్లు మురిగిపోతాయి."

గొట్టంలో ఉన్నది వాళ్లు పెంచిన ప్రొటీను. దానికో తోక తగిలించారు. వెచ్చబడితే తోకలు ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లటి మబ్బవుతాయి. చల్లబడితే విడిపోయి నీళ్లు తేటపడతాయి. నిన్న ప్రొటీనును అలా మబ్బుగా పట్టి, మురికి పారబోశారు. రాత్రంతా కాస్త పులుపు కలిపిన నీళ్లలో ఉంచారు. ఆ పులుపుకి తోక తనను తానే తెంచుకుంటుంది. ఇప్పుడు వెచ్చబెడితే తోక ఒక్కటే అడుక్కి చేరాలి. పైన మిగిలిన తేటే పిల్లల ఆసుపత్రికి వెళ్లే సరుకు. ఖరీదైన పద్ధతిలో చేసినదానితో అది సరితూగుతుందో లేదో ఆసుపత్రివాళ్లు ఇవాళే చూస్తారు. తూగకపోతే నెలాఖరుకి ఈ గదికి తాళం.

గొట్టాల్ని గిరగిరా తిప్పే ఇంకో యంత్రంలో పెడితే మబ్బు అడుక్కి దిగింది. పైతేటను అమ్మాయి ఐసు పెట్టెలో సర్దింది.

"నేనే తీసుకెళ్తా. నువ్వు ఇంటికెళ్లు బాబాయ్."

"నువ్వొచ్చి చెప్పేదాకా నా కాళ్లు కదలవు."

ఆమె వెళ్లాక, గొట్టాలు కడుగుదామని అడుగున మిగిలిన తోకల మీద చల్లటి ఉప్పునీళ్లు పోశాడు. కరిగిపోయాయి. ఒక గొట్టంలోది మాత్రం పారబోయబుద్ధి కాలేదు. కిటికీ పక్కన కూర్చుని గుప్పిట పట్టాడు.

మబ్బు పొగలా లేచింది. పెళ్లయిన కొత్తలో భార్య చలికి వణుకుతూ తన చేతులు ఆయన చేతుల్లో దూర్చేది. "ఇవి చేతులా, కుంపట్లా?" అనేది. ఆమె పోయాక ఆ వేడితో ఏం చెయ్యాలో ఆయనకు చాలాకాలం తోచలేదు. మబ్బులోకి చూస్తుంటే గది దూరమైంది. ఎవరో చల్లటి చేతులు తన చేతుల్లో పెట్టినట్టనిపించింది. కాస్త జరిగి చోటిచ్చాడు.

చీకటిపడుతుండగా అమ్మాయి మెట్ల మీదినుంచే కేకేసింది.

"బాబాయ్! సరితూగిందట! ఒప్పుకున్నారు!"

ఆయన తల కిటికీ వైపు వాలి ఉంది.

"పొదుగుతూ పొదుగుతూ నిద్రపోయావా?" అని భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత ఆయన ముందు నేల మీద కూర్చుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

గొట్టంలో మబ్బు లేదు. నీళ్లు, అవతలి కిటికీ కనిపించేంత తేటగా ఉన్నాయి.