ఉత్తుత్తి రోగి

నేను ఒక రోగిని. జబ్బు మాత్రం లేదు. నమ్మకపోతే గుంటూరు ఆస్పత్రి కంప్యూటరులో చూసుకోండి: పేరు అరటిపండు, వయసు రెండు, బరువు తొమ్మిది కిలోలు. నిజానికి నేను బెంగళూరు పక్కన ఒక చిన్న వర్క్‌షాపులో తయారైన ప్లాస్టిక్ బంతిని. కడుపు నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో కొలిచి బిగించిన పదహారు పూసలు. పూసల మధ్య దూరాలు నా వెంట వచ్చిన కాగితం మీద ఉన్నాయి. నన్ను ఫొటో తీసిన ఎంఆర్ఐ మిషను ఆ దూరాలు చెబితే అది మంచి మిషను. చెప్పకపోతే తప్పు నాది కాదు. ఇంత ధీమాగా ఆ మాట అనగలిగిన మనిషిని నేనింకా చూడలేదు.

ఒక కొత్త మందు పరీక్ష కోసం నన్ను కొన్నారు. కిడ్నీల్లో నీటితిత్తులు పుట్టి, కిడ్నీలు ఏటేటా ఉబ్బిపోయే జబ్బు ఒకటుంది. ఆ ఉబ్బుకు పగ్గం వేసే మందట. పరీక్షలో చేరినవాళ్ళలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది దక్కిందో డాక్టరుకు కూడా తెలియదు. ఏడాదికోసారి కిడ్నీల ఫొటో తీసి కొలుస్తారు. మందు పనిచేసిందో లేదో ఆ ఫొటోలే చెప్పాలి. నాలుగు ఊళ్ళ మిషన్లూ ఒకే కొలత చెబుతున్నాయా అని చూడటానికి నేను ఊరూరా తిరిగాను. పెట్టె మీద ‘జాగ్రత్త’ అని ఎర్రటి అక్షరాలు ఉన్నందుకేమో, ప్రతి ఊళ్ళోనూ మరీ శ్రద్ధగా ధడేల్మని దించారు.

గుంటూరులో మిషను నడిపేది ఎస్తేరురాణి. పేరు కొట్టందే మిషను కదలదు. “ఈ బంతికి పేరేం పెట్టను? ఆటలో అరటిపండేగా!” అంటూ అదే కొట్టింది. పిల్లల ఆటలో లెక్కలోకి రానివాణ్ణి అరటిపండు అంటారని తెలిసి నాకు చిన్నతనంగా అనిపించింది.

పరీక్షలో చేరి అక్కడికే ఫొటోకు వచ్చేవాడు పరుపులు కుట్టే మస్తాన్‌వలి. అన్న ఈ జబ్బుతోనే పోయాడు. కూతురు జరీనాకూ ఇదే ఉందని తేలింది. “నాకు తగ్గకపోయినా పర్లేదమ్మా, ఈ మందు మంచిదని తేలితే నా బిడ్డకి పనికొచ్చిద్ది,” అనేవాడు. మిషను బల్ల నొక్కి చూసి, “ఈ పరుపు ఎవురు కుట్టారో గానీ ఇటికరాయి మేలు,” అని నవ్వించేవాడు. ఒకసారి నన్నూ రెండు చేతులతో నిమిరి చూశాడు.

రెండో ఏడు మిషనుకు రిపేరు జరిగింది. నేను అప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాను. నా కోసం ఆగకుండానే మస్తాన్‌వలికి ఫొటో తీశారు. కిడ్నీలు కాస్త చిక్కాయి! చెప్పకూడదన్నది రూలు, కానీ డాక్టర్ పానకాలరావుగారి నోరు ఆగలేదు. మస్తాన్‌వలి ఆస్పత్రిలో అందరికీ ఖర్జూరాలు పంచాడు.

వారానికి నేను వచ్చాను. ఎస్తేరు నన్ను ఫొటో తీసి, కొలిచి, మళ్ళీ కొలిచింది. నేనూ చిక్కాను! పుట్టి బుద్ధెరిగి ఒక్క పూటా తిననిదాన్ని, ఏం మానేశానని చిక్కుతాను?

“నూటికి రెండేగా, పోనిద్దూ,” అన్నారు డాక్టరుగారు.

“పొడవులో రెండు, వెడల్పులో రెండు, మందంలో రెండు సార్. అన్నీ కలిస్తే కిడ్నీ సైజులో ఆరు. ఆ బాబాయ్ మింగేది ఉత్తుత్తి మాత్రే అయితే? దానికే తగ్గిందని రాస్తే అసలు మందుని ఎవురు నమ్ముతారు?”

డాక్టరుగారు తనే ఇంకోసారి కొలిచి చూశారు. తర్వాత మిషను సరిచేయించి, మస్తాన్‌వలిని మళ్ళీ పిలిపించారు. కిడ్నీలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. మాట జారింది తనే కాబట్టి ఆ సంగతీ ఆయనే చెప్పారు. మస్తాన్‌వలి తలొంచుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, నిజం చెప్పినందుకు మొదటిసారి నాకు బాధేసింది.

మరో ఏడాదికి పరీక్ష ముగిసి, ఎవరు ఏ మాత్ర మింగారో బయటపెట్టారు. అసలు మాత్ర మింగినవాళ్ళ కిడ్నీలు సగం వేగంతోనే పెరిగాయి. మస్తాన్‌వలి మింగింది ఉత్తుత్తి మాత్ర.

“అయితే మూడేళ్ళూ నేను ఆటలో అరటిపండునే గదమ్మా?”

“మీ కిడ్నీలు అంత పెరిగాయి కాబట్టే బాబాయ్, వాళ్ళవి నెమ్మదించాయని తెలిసింది. ఇక మీకూ అసలు మాత్రే ఇస్తారు. ఇంకో పెద్ద పరీక్ష దాటితే జరీనాకీ వచ్చిద్ది.”

అతను కళ్ళు తుడుచుకుని నా వైపు చూశాడు. “అయితే నువ్వూ నేనూ ఒకే జట్టు,” అన్నాడు. నా చిన్నతనం ఆ రోజుతో పోయింది.

పోయిన ఏడు నాలో గాలిబుడగ చేరింది. కొలతకు పనికిరానని తీసేశారు. నా చోటికి వచ్చిన కొత్త బంతికీ ఎస్తేరు అరటిపండనే పేరు కొట్టింది. నేనిప్పుడు అద్దాల బీరువాలో, మస్తాన్‌వలి కుట్టి తెచ్చిన చిన్న దూదిపరుపు మీద కూర్చున్నాను. ఆ పరుపుకు అతను నా కొలత తీసుకోలేదు. అయినా సరిగ్గా సరిపోయింది.