యజమానికి తెలియకుండా

"ఇక్కడమ్మాయ్, ఈ గీత మీద" అని సావుకారు నాగభూషణరావు వేలు పెట్టి చూపించాడు.

అరుణకుమారి పెన్ను పట్టుకుంది గానీ ఆయన రాయించుకొచ్చిన కాగితం మీద ఆనించలేదు. చీర కొంగు మీద రక్తం ఎండి అట్టకట్టింది. అది ఆమె రక్తం కాదు, రోడ్డు పక్కన చింతచిగురు అమ్ముకునే రంగనాయకమ్మది. పొద్దున ఎనిమిదిన్నరకు అరుణకుమారి నడుపుతున్న ట్రాలీ ఆటో ఆ ముసలామెను గుద్దింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు కావస్తోంది. మే నెల ఎండకు పోలీస్ స్టేషన్ వసారా మీది రేకులు చిటపటలాడుతున్నాయి.

"ఆలోచించేదేముంది? నేనున్నా గదా. ఫైను నేనే కడతా. సుబ్బయ్య మందులు నేను చూసుకుంటా. సోమవారం నుంచి నువ్వు మామూలుగా పనిలోకి రా" అన్నాడు సావుకారు. ఆ గొంతులో కోపం లేదు. తన పలకల ఫ్యాక్టరీలో పెట్టెలు లెక్క చూసుకునేటప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లాగే మాట్లాడుతున్నాడు.

ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ఆమె పలకలు అరగదీస్తోంది. రోజుకు మూడు వందల యాభై. భర్త సుబ్బయ్య అక్కడే రాయి కోసేవాడు. ఆ దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో చేరి రెండేళ్లుగా అతన్ని మంచానికి కట్టేసింది. నిరుడు ఆమెకూ దగ్గు మొదలైంది. దుమ్ములో నుంచి బయటపడమని డాక్టరు చెప్పాడు. బయటపడి ఎక్కడికి పోవాలి? త్రిపురాంతకం దగ్గరున్న రెండెకరాల్లో బోరు ఎండిపోయి ఆరేళ్లయింది. అప్పుడు ఫ్యాక్టరీ డ్రైవరు మురళీధర్ అన్నాడు, "వదినా, ఆటో నేర్చుకో. దానికి రోజుకు ఆరు వందలు ఇస్తారు. కూర్చుని చేసే పని."

ఎల్లెల్లారు తెచ్చుకుంది. మురళీధర్ పక్కన కూర్చుని క్లచ్చు, గేరు నేర్పించాడు. బండి ముందు ఎల్ అక్షరం ఉండాలని అతనంటే, అంచు విరిగిన పలకకు తెల్లరంగు పూసి, దాని మీద ఎర్రరంగుతో ఎల్ రాసి తీగతో కట్టింది. షెడ్డులోని ఆడవాళ్లంతా వచ్చి చూశారు. "మన పలక మీద ఇంగ్లీషు అక్షరం రాసి మొగోళ్ల బండెక్కినావే" అని ఒకామె బుగ్గ పొడిచింది. ఆ రోజు ఆమె చాలా నాళ్ల తర్వాత నవ్వింది.

ఈ పొద్దున సావుకారు మురళీధర్‌ను తన కారుతో కనిగిరి పంపించాడు. రైల్వే స్టేషన్‌కు నలభై పెట్టెలు పోవాలి.

"నువ్వే తీసుకపో అమ్మాయ్" అన్నాడు.

"పక్కన మురళి లేడయ్యా."

"ఎంత దూరమని? కళ్లు మూసుకుని పోవచ్చు. ఆ పలక మాత్రం తీసెయ్. అది చూస్తేనే ట్రాఫిక్ వాళ్లు పిలిచి మరీ ఆపుతారు."

పలక తీసి షెడ్డు గోడకు ఆనించింది. తార్లుపాడు రోడ్డులో ఎదురుగా బస్సు వచ్చింది. పక్కకు తీద్దామనుకుంది. బరువుతో ఉన్న బండి ఆమె అనుకున్నట్టు ఆగలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న రంగనాయకమ్మ కిందపడింది. చింతచిగురు రోడ్డంతా చెల్లాచెదురైంది.

"పోక్కా, జనం చేరకముందే పో" అని ఎవరో అరిచారు. అరుణకుమారి పోలేదు. దారిన పోయే ఆటో ఆపి, ముసలామె విరిగిన కాలిని తన ఒడిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ స్ట్రెచర్ మీద పడుకుని ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది.

"గుద్దినోళ్లు నిలబడరమ్మా. నువ్వు నిలబడినావు."

"నన్ను తిట్టవ్వా. తిడితే నాకు బాగుంటాది."

"తిట్టేదానికి ఓపిక లేదులే. ఆపరేషనయితే ఆరోగ్యశ్రీలో చేస్తారంట. అయినాక ఆర్నెల్లు కూర్చోవాలంట. నేను కూర్చుంటే నాకు ఎవురు పెడతారు?"

ఆ మాట మోసుకునే అరుణకుమారి అక్కడి నుంచి స్టేషన్‌కు వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ నిత్యానందం లోపలి నుంచి స్టూలు, మంచినీళ్ల సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. స్టేషన్‌లో ఎవరైనా తనకు కూర్చునేందుకు ఏదైనా వేస్తారని ఆమె అనుకోలేదు.

"ముందు నీళ్లు తాగమ్మా. రావు గారూ, ఇందాక ఇన్సూరెన్స్ కాగితం అడిగితే మీరు పొల్యూషన్ కాగితం ఇచ్చినారు."

"ఇన్సూరెన్స్ మార్చిలో అయిపోయిందిలే నిత్యానందం. ఊళ్లో తిరిగే బండే గదా."

అరుణకుమారి తలెత్తింది. అద్దం మీద అంటించిన కాగితమే ఇన్సూరెన్స్ అని ఇన్నాళ్లూ అనుకుంది. "ఇన్సూరెన్స్ లేకపోతే ఏమయితది సార్?"

"ఉంటే అవ్వకు రావాల్సిన పరిహారం కంపెనీ కట్టేది. లేదు గాబట్టి బండి ఓనరు, నడిపినోళ్లు కట్టాల. ఇన్సూరెన్స్ లేని బండి తోలినందుకు ఒక కేసు. ఎల్లెల్లారు మీద, పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా తోలినందుకు ఇంకోటి. మనిషికి దెబ్బ తగిలింది గాబట్టి అది వేరే. బండి ఇచ్చినందుకు ఓనరు మీద కూడా ఉంటాది."

"ఎల్లెల్లారు అంటే లైసెన్సే గదా?"

"కాదు తల్లీ. అది నేర్చుకునేదానికి మాత్రమే ఇచ్చేది."

"వివరాలన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు సావుకారు. "సంతకం పెడితే అయిపోతుంది."

నిత్యానందం గోడ గడియారం వైపు చూసి, "చదువుకో అమ్మా. నాకేం తొందర లేదు" అన్నాడు.

ఏడో తరగతి చదివింది. గరుకు పలక మీద ఎక్కడ ఎత్తుందో తడిమే వేలును అక్షరాల కింద పెట్టి చదవడం మొదలుపెట్టింది. 'నేను నా స్వంత ఇష్టముతో, యజమానికి తెలియకుండా, సదరు వాహనమును తీసుకొని వెళ్లి...'

వేలు అక్కడ ఆగిపోయింది.

"అయ్యా, తెలియకుండా అని రాసినారే."

"అది కోర్టు భాష అమ్మాయ్. అట్లనే రాస్తారు."

"తెలియకుండా తీసుకపోతే దొంగతనం గదయ్యా?"

"నీ మీద దొంగతనం కేసు నేను పెడతానా? నీకు పిచ్చా ఏంది?"

ఆమె నిత్యానందం వైపు తిరిగింది. "దీని మీద సంతకం పెడితే అవ్వకు ఎవురియ్యాల సార్?"

నిత్యానందం ఆ కాగితం వైపు చూసి చెప్పాడు. "ఓనరు పక్కకు పోతాడు. అంతా నీ మీదనే."

"నా దగ్గర ఏముంది ఇచ్చేదానికి?"

సావుకారు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"చూడు. రేపు సుబ్బయ్యకు ఆక్సిజన్ కావాలంటే అర్ధరాత్రి ఎవరి తలుపు కొడతావు? ఆ ముసలిదాని తలుపా?"

అది నిజమే. పోయినేడు వానాకాలంలో కొట్టింది. ఆయన కారు ఇచ్చాడు. సంతకం పెడితే సుబ్బయ్య మందులు నిలుస్తాయి. పెట్టకపోతే రేపటి కూలి కూడా ఉండదు. పెన్ను చెమటకు జారిపోతుంటే కొంగుతో తుడిచింది. ఎండిన రక్తం వేళ్లకు గరుకుగా తగిలింది.

కాగితాన్ని మడవకుండా, చింపకుండా, సావుకారు వైపు మెల్లగా జరిపింది.

"పెట్టనయ్యా."

"ఏమన్నావు?"

"మీరు పొమ్మంటేనే పోయినా. పలక మీరు తీసెయ్యమంటేనే తీసినా. సార్, తెల్లకాగితం ఒకటి ఇయ్యండి. నేనే రాస్తా."

నిత్యానందం సొరుగు నుంచి కాగితం తీసిచ్చాడు. ఆమె రాసింది. 'నాకు లైసెన్సు లేదు. పక్కన మనిషి లేకుండా తోలగూడదని నాకు తెలుసు. అయినా తోలినా.'

"ఇది కూడా రాస్తావా అమ్మా? ఇది నీకే తగులుతది" అన్నాడు నిత్యానందం.

"అవ్వ కాలు విరిగింది నా చేతుల్లోనే గదా సార్."

కింద మళ్లీ రాసింది. 'సావుకారు పొమ్మంటే పోయినాను.'

నిత్యానందం వంగి చూశాడు. "సావుకారు అంటే చాలదమ్మా. పేరు రాయాల."

ఆమె చెయ్యి ఆగింది. పదకొండేళ్లలో ఆ పేరు ఒక్కసారి కూడా ఆమె నోటి నుంచి రాలేదు. షెడ్డులో ఎవరూ అనరు. చనిపోయిన ఆయన తండ్రి పేరు కూడా అనరు, పెద్ద సావుకారు అంటారు. బోర్డు మీద, జీతం కవర్ల మీద చూడటమే తప్ప తన చేత్తో ఎన్నడూ రాయలేదు.

సావుకారు లేచి నిలబడి ఆమెనే చూస్తున్నాడు. "అరుణా" అన్నాడు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఆమె తల ఎత్తలేదు. 'నా' రాసింది. 'గ' రాసింది. 'భ' రాసి, దానికి కొమ్ము దీర్ఘం ఎటువైపు తిప్పాలో ఒక్క క్షణం ఆలోచించి, తిప్పింది.