గాలి కొట్టే చెయ్యి

హార్మోనియం వాయించడానికి రెండు చేతులు కావాలి. కుడి చెయ్యి మెట్ల మీద ఆడుతుంటే ఎడమ చెయ్యి వెనక తిత్తిని ఆడించాలి. మా కోడలికి ఎడమ రొమ్ము తీసేసినప్పుడు చంకలో గడ్డలు కూడా తీశారు. అప్పటినుంచి ఆ చెయ్యి నీరు పట్టి వాచిపోయి ఉంటుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి సూది గుచ్చనివ్వకూడదు, ఒకే పని పదేపదే చెయ్యకూడదు. అందుకని తిత్తి పని నాకొచ్చింది. తను ఇటు కూర్చుని వాయిస్తే, నేను పెట్టెకి అటు కూర్చుని గాలి కొట్టేదాన్ని.

"అమ్మకి సైకిల్ షాపులో ఉద్యోగం ఇప్పించావుగా" అని మా అబ్బాయి నవ్వేవాడు. వాడు లారీ తోలుతాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు.

కోడలి వైద్యం ముగిశాక, అక్కడివాళ్ళకి పాటలు వినిపించడానికి ప్రతి గురువారం ఇద్దరం పెట్టె పట్టుకుని ఆస్పత్రిలో కీమో ఎక్కించే గదికి వెళ్ళేవాళ్ళం. వరసగా వెనక్కి వాలే కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక ఇనప కొక్కెం, దానికి మందు సంచి. ఎక్కడో ఒక మిషను కూతపెడుతూనే ఉంటుంది. గోడకున్న టీవీలో మనుషులు చప్పుడు లేకుండా నోళ్ళు ఆడిస్తుంటారు. నేను ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతిసారీ ఎవరి కుర్చీ ఖాళీగా ఉందా అని ముందు చూస్తాను. చూడకూడదనుకుంటూనే చూస్తాను.

కోడలు ముందు మాట్లాడేది, తర్వాత పాడేది.

"ఆ కిటికీ పక్క కుర్చీ చూశారూ, అది నాది. ఏడాది కాపురం చేశాను అందులో. ఈ జుట్టు నాదే. అనుమానముంటే లాగి చూడండి."

నిజంగానే ఒకావిడ లాగి చూసేది. అందరూ నవ్వేవారు. అప్పుడు కోడలు తలుపు వైపు చెయ్యి చూపించి, "ఆ తలుపులోంచి నా కాళ్ళమీద నేను బయటికి నడిచి వెళ్ళాను. మీరూ వెళ్తారు" అనేది.

తలుపుల గురించి అంత ధీమాగా మాట్లాడకూడదని నా భయం. మా ఆయన పాలకని చెప్పులేసుకుని వెళ్ళాడు. కాసేపటికి ఆ చెప్పులు మాత్రం ఎవరో సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చారు. ఆనాటి నుంచి ఎవరు బయటికి వెళ్తున్నా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. కోడలు కొత్తలో విసుక్కునేది, తర్వాత తనే మలుపు దగ్గర ఆగి చెయ్యి ఊపేది.

ఆ గదిలో ఆమెని పాటలమ్మ అనేవాళ్ళు. అందరికంటే ఎక్కువగా ఆమెని పట్టుకున్నది టైలరమ్మ. ముప్ఫై దాటని పిల్ల, బక్కపలచటి మనిషి, నోరు మాత్రం పెద్దది. 

"పెద్దమ్మా, మీ పెట్టెకి చేత్తో కొట్టాలి, నా కుట్టుమిషనుకి కాలితో తొక్కాలి. మనిద్దరం ఒకే పని" అనేది నాతో. 

మందు పడ్డకొద్దీ ఆ పిల్లకి వేళ్ళకొసలు, అరికాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. ఒకరోజు పరీక్ష తప్పిన పిల్లలా తల వంచుకుని కూర్చుంది. 

"ఇక రానక్కా. ఎవరిదో తెల్ల జాకెట్టు కుడుతున్నాను. మరక చూశాకే తెలిసింది, సూది నా వేలిలో దిగిందని. వేళ్ళు పోయాక ఒళ్ళు మిగిలి ఏం చేసుకోను?"

కోడలు లేచి వెళ్ళి ఆ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ చేతిని పెట్టె మీద పెట్టింది. మందు సంచి కొక్కెం కూడా వెంట దొర్లుకుంటూ వచ్చింది. "నొక్కు. నాకూ ఇలాగే అయింది. మెట్టు తగులుతోందో లేదో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు వాయించట్లేదూ? కోర్సు పూర్తిచెయ్యి. నీ వేళ్ళకి హామీ నాది."

టైలరమ్మ మానలేదు. గురువారం రాగానే ముందు కోడలి వేళ్ళే చూసేది.

తిత్తి కొట్టేవాళ్ళకి పాడేవాళ్ళ ఊపిరి తెలుస్తుంది. కోడలు తనే కట్టుకున్న పాటొకటి ఉంది, "తలుపు తీసే ఉంది, గాలీ, లోపలికి రా" అని. ఆ 'రా' దగ్గర గొంతు చాలాసేపు నిలవాలి. చలికాలం పోయేసరికి అది నిలవడం మానేసింది. మధ్యలో తెగేది, వెనక పొడిదగ్గు వచ్చేది. నేను వెంటనే గట్టిగా గాలి కొట్టేదాన్ని. పెట్టె గట్టిగా మోగి ఆ తెగినచోటు మూసేసేది. ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ అది అలవాటైపోయింది.

ఒకరోజు పొద్దున టీ కాస్తూ, నావైపు తిరక్కుండానే చెప్పింది. "ఊపిరితిత్తుల్లోకి వచ్చిందట అత్తయ్యా."

పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

"మందు ఎప్పుడు మొదలుపెడతారట?" 

"ఈ వారమే రమ్మన్నారు. నేనే కొన్నాళ్ళు ఆగుతానన్నాను."

"ఆగడమేంటే?"

"సూది ఏ చేతికి గుచ్చుతారు? ఈ ఎడమది పనికిరాదు. కుడిచేతికి సూది పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాననుకోండి, ఇక వాయించేదెవరు? టైలరమ్మ చూసిందంటే ఆ క్షణమే లేచి వెళ్ళిపోతుంది. దానికి ఇంకాసిని డోసులు మిగిలాయి. అవి కానివ్వండి."

"దానికి అమ్మా నాన్నా లేరా? నీకు నా కొడుకు లేడా?"

"మీ అబ్బాయికి చెప్పారంటే చచ్చినా మీతో మాట్లాడను."

"ఆ చావు మాటే వద్దంటున్నాను" అన్నాను. అని, నోరు మూసుకున్నాను. ఆమె నవ్వింది. దగ్గొచ్చింది.

తర్వాతి గురువారం వెళ్ళాం, ఆపై గురువారమూ వెళ్ళాం. నేను గాలి కొడుతూనే ఉన్నాను. రాత్రుళ్ళు పక్కగదిలో ఆ దగ్గు వింటూ, ఇవాళ ఎంత పాకిందో అని లెక్కలు వేసుకునేదాన్ని. లెక్క నాకేం తెలుస్తుంది? భయానికి తెలుస్తుంది. పెట్టె మోగించి నేను మూస్తున్నది ఒక్క దగ్గునే కాదనిపించింది.

ఆ గురువారం ఆమె మామూలుగానే మాట్లాడింది, జుట్టు లాగించుకుంది, నవ్వించింది. పాట మొదలుపెట్టింది. 'లోపలికి రా' దగ్గరకొచ్చింది. గొంతు సన్నబడింది.

నేను తిత్తి మీంచి చెయ్యి తీసేశాను.

పెట్టె మూలిగి ఆగిపోయింది. ఆమె గొంతు ఒంటరిగా గాలిలో కాసేపు నిలబడి తెగిపోయింది. దగ్గు వచ్చింది. ఆగలేదు. ఆ గదిలో వాళ్ళకి దగ్గుల్లో తేడాలు తెలుసు. టీవీ చూస్తున్నవాళ్ళు కూడా తల తిప్పారు.

"గాలి కొట్టండి అత్తయ్యా."

"కొట్టను."

"అత్తయ్యా!"

"జబ్బు తిరగబెట్టిందని డాక్టరు ఎప్పుడో రమ్మన్నాడు. ఈ పిల్ల కోసమని ఆగి కూర్చున్నావు. ఆ సంగతి ఈ పిల్లకి తెలియొద్దూ?"

అనేశాను. అనడానికే చెయ్యి తీశానని అప్పుడు తెలిసింది నాకు.

టైలరమ్మ కుర్చీలో లేచి కూర్చుంది. "నాకోసమా? నేనడిగానా మిమ్మల్ని?"

"నువ్వు అడగలేదమ్మా. నేనే..."

"అయితే చెప్పినవన్నీ అబద్ధాలా?"

"ఒక్కటీ కాదు. ఆ తలుపులోంచి నడిచే వెళ్ళాను."

"మళ్ళీ లోపలికి వచ్చిన సంగతి చెప్పలేదుగా!"

టైలరమ్మ నర్సుని కేకేసి సూది తీసెయ్యమంది. సగం మందు ఇంకా సంచిలోనే ఉంది. నర్సు బతిమాలింది, కోప్పడింది, చివరికి తీసేసింది. ఆ పిల్ల గోడ పట్టుకుని వెళ్ళిపోతోంది. నేను అలవాటుగా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. నడవా మధ్యలో ఒక కాలి చెప్పు ఊడిపోయింది. ఆ పిల్లకి తెలియలేదు. ఒట్టికాలితో ఆ చల్లటి గచ్చు మీద నడుచుకుంటూ పోయింది. నేను పరుగున వెళ్ళి చెప్పు అందుకునేసరికి లిఫ్టు మూసుకుంది.

ఇంటికి వచ్చేదాకా కోడలు మాట్లాడలేదు. తర్వాతా మాట్లాడలేదు. కంచంలో వడ్డించేది, గ్లాసు పక్కన పెట్టేది, నా ముఖం చూసేది కాదు. మా అబ్బాయి వచ్చాడు. తనే చెప్పింది. వాడు లారీ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మం మీదే కూర్చుండిపోయాడు.

వాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, నేనూ వెళ్ళాను. మందు ఎందుకిస్తారో డాక్టరు చెప్పాడు. తగ్గించడానికి, పోగొట్టడానికి కాదు. "ఈ ఆలస్యం వల్ల ఎంత నష్టం జరిగింది బాబూ?" అని అడిగాను. ఆయన తల వంచుకుని ఏదో రాసుకున్నాడు.

గురువారం కోడలు కిటికీ పక్క కుర్చీలో వాలింది. కుడిచేతికి సూది. పెట్టె తేవద్దని అబ్బాయితో చెప్పించింది. నేను సంచిలో చెప్పు మాత్రం తెచ్చాను, కడిగి ఆరబెట్టి. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కోడలు కళ్ళు మూసుకునే ఉంది కాని, లిఫ్టు చప్పుడైనప్పుడల్లా రెప్పలు కదిలేవి. నేను ఒకరిని లోపలికి తెచ్చుకున్నాను, ఒకరిని బయటికి పంపేశాను.

పొద్దెక్కాక టైలరమ్మ వచ్చింది. కొత్త చెప్పులేసుకుంది.

"నా చెప్పు ఏది పెద్దమ్మా?"

సంచి ఇచ్చాను. తీసుకుని వెళ్ళలేదు. కోడలి ముందు నిలబడింది. 

"నన్ను చిన్నపిల్లని చేసి ఆడించారు. మా ఇంట్లో ఇక పోనని చెప్పేశాను. కానీ మిమ్మల్ని తిట్టాలంటే ఇక్కడికే రావాలిగా?"

"తిట్టు" అంది కోడలు.

"నా వేళ్ళకి హామీ ఇచ్చారు. మీ ఊపిరికి ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"మరి ఆ మాట చెప్పి పాడొచ్చుగా! వినమా?"

తిడుతూ తిడుతూ పక్క కుర్చీలో కూలబడింది. నర్సు ఇదే అదనని ట్రే తెచ్చి చెయ్యి పట్టుకుంది. టైలరమ్మ చెయ్యి లాక్కోలేదు. "సగం కుట్టి వదిలేసిన జాకెట్టు ఎవరికి పనికొస్తుంది" అని గొణిగింది. ఆ పిల్లది పూర్తవుతుందో లేదో, పూర్తయినా ఏమవుతుందో, నాకు తెలియదు. ఆ రోజుకి సూది దిగింది, అంతే.

అప్పుడు కోడలు, పెట్టె లేకుండా, పక్క కుర్చీకి మాత్రమే వినిపించేంత గొంతుతో ఎత్తుకుంది. 'తలుపు తీసే ఉంది'. గొంతు ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. అక్కడే తెగింది. దగ్గింది. ఆగింది. మళ్ళీ తెగినచోటునుంచే మొదలుపెట్టింది. గదిలో ఎవరూ తల తిప్పుకోలేదు.

కొంగు కింద నా చెయ్యి తిత్తి కొడుతున్నట్టే ముందుకీ వెనక్కీ ఆడుతోంది. ఎప్పటినుంచి ఆడుతోందో చూసుకోలేదు. కోడలు చూసింది. వాచిన ఎడమచేతిని మెల్లగా జరిపి నా చేతి మీద పెట్టింది. ఎంత బరువో ఆ చెయ్యి.

"ఈసారైనా మధ్యలో ఆపకండి" అంది.

వారం తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను తలుపు వైపు చూడకుండా గాలి కొడుతూ కూర్చున్నాను.