రెండు కిందల ఊరు

ఆ ఊళ్లో ఎటు కదిలినా దిగడమే. రెండు కొండల నడుమ జీనులా వంగిన కనుమ మీద ఒకే ఒక్క వీధి. ఈ కొసన వాలు, ఆ కొసన వాలు. ఒకే ఇంటి కప్పు మీద పడ్డ వాన సగం ఇటు నదిలోకి, సగం అటు నదిలోకి పోతుంది. ఎవరైనా "కిందికి వెళ్తున్నా" అంటే ఏ కిందికో వినేవాళ్లే తెలుసుకోవాలి.

ఒకప్పుడు ఈ తంటా లేదు. ఉప్పు మూటలతో కంచరగాడిదలు ఎండవైపు వాలు మీంచే ఎక్కివచ్చేవి. కింద అంటే అదే. తర్వాత ఆ బాటనే సైన్యాలు నడిచాయి. సుంకం ఠాణా కూడా అక్కడే కట్టారు. ఆ తర్వాత నీడవైపు వాలు మీద తారురోడ్డు పడింది. బస్సూ, ఆస్పత్రీ, బడీ అన్నీ అటే. పాత బాట మీద కొండచరియలు విరిగిపడితే ఎవరూ తొలగించలేదు. మెల్లగా కింద అంటే రోడ్డువైపు అయిపోయింది. చివరికి కొండ కడుపులోంచి సొరంగం తవ్వాక లారీలు అందులోంచే దూసుకుపోతున్నాయి. ఊరి మొహం చూసే దిక్కు లేదు.

ఆ వీధిలో ఒక ఇంటి కోడలు నీడవైపు పిల్ల. భర్తది పంక్చరు షాపు. ఇప్పుడు పంక్చరు పడింది షాపుకేనని మామగారి వేళాకోళం. సొరంగం మొగదల భర్తకి పని సిద్ధంగా ఉంది, ఉండటానికి క్వార్టర్సు కూడా. అడ్డమల్లా ముసలాయనే.

"నన్ను తీసుకెళ్లాలంటే మోసుకెళ్లాలిరా. అసలే బరువు మనిషిని," అనేవాడు. కొడుకు నవ్వేవాడు. ఆమె అంట్లు తోముకునేది.

ఆ పొద్దున పొగమంచు గుమ్మందాకా వచ్చింది. ముసలాయన చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"అమ్మాయ్, ఓసారి కిందికి పోయొస్తా."

"ఈ మంచులోనా మామయ్యా?"

"నేను మంచుకి కొత్తా ఏంటి? నన్ను చూసి అదే తప్పుకుంటుంది."

ఆమె పిండి కలుపుతూ తలెత్తలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఆయన రాలేదు. భర్త, చలికాలం రోడ్డు మీద పేరుకునే మంచుని తోసే బండి డ్రైవరుని వెంటబెట్టుకొచ్చాడు.

"నాన్న ఎటు వెళ్తానన్నాడు?"

"కిందికి అన్నారు."

ఇద్దరూ రోడ్డువైపు పరుగెత్తారు.

ఆయన అన్నదే చెప్పింది. అక్షరం కలపలేదు, తియ్యలేదు. ఆ మాట పట్టుకుని కాసేపు నిబ్బరంగా కూర్చుంది. కానీ పగలంతా ఆయన మాటలు వినేది ఆమే. రోడ్డువైపుని ఆయన ఏనాడూ కింద అనలేదు. అవతల అనేవాడు. 'అవతలికెళ్లి మందులు తెమ్మను వాణ్ణి.' కింద అంటే ఆయన కుర్రతనంలో కంచరగాడిదల్ని తోలిన బాటే. ఈ సంగతి ఆమెకి ఎప్పుడు తట్టింది? వాళ్లు వీధి మలుపు తిరిగాకా? నోట్లోంచి మాట వస్తుండగానా? అంతకంటే ముందేనా? వెనక్కి వెళ్లి చూసుకుందామంటే మనసు తలుపు దగ్గరగా వేసేసుకుంది. ఇప్పుడే పరుగెత్తి చెప్పచ్చు. వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డబ్బా క్వార్టర్సులో ఏ మూల పెట్టాలా అని తాను ఆలోచిస్తున్నట్టు గమనించి, డబ్బా మీది చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. అయినా కదల్లేదు.

పొద్దు వాలుతుండగా వాళ్లు తిరిగొచ్చారు.

"రోడ్డంతా జల్లెడ పట్టాం అక్కా. బస్సెక్కి సినిమాకి చెక్కేశాడేమో," అన్నాడు డ్రైవరు. ఎవరూ నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

భర్త మంచినీళ్లు తాగి, మళ్లీ రోడ్డుకే బయల్దేరాడు. మోకాళ్లదాకా బురద. ఆ బురద చూసి ఆమె గుమ్మందాకా వెళ్లింది.

"ఏమండీ, మామయ్య కింద అంటే... ఆ కింద కాదు కదా."

అతను ఆగాడు.

"ఎండవైపు," అంది. "ఇప్పుడే తట్టింది."

పాత సుంకం ఠాణా గోడ పక్కనే ముసలాయన దొరికాడు. చరియ జారి కాలు రాళ్లలో ఇరుక్కుంది. చేతికందిన రాయితో గోడని కొడుతూ ఉండి ఉంటాడు, గోడ నిండా తెల్లటి గాట్లు. ప్రాణం లేదు. ఒళ్లు మాత్రం ఇంకా పూర్తిగా చల్లబడలేదు. డ్రైవరు "ఇంకాస్త ముందు..." అంటూ వంగి కాలి మీది రాళ్లు తియ్యసాగాడు.

ఇంటికి మోసుకొచ్చారు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. 'కింద' అన్నదే పాడుమాట, రెండు దిక్కుల మాట, ఎవరు మాత్రం ఏం చేస్తారని అన్నారు. భర్త వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"నీకు తట్టబట్టి సరిపోయింది," అన్నాడు. "లేకపోతే ఇంకా రోడ్డు మీదే తిరుగుతుండేవాళ్లం. కొడుకునయ్యుండీ నాకు తెలియలేదు. నాన్న మాట నీకే తెలుసు."

ఆమె భుజం మీద తల ఆనించి, శబ్దం రాకుండా ఏడ్చాడు. ఆమె చెయ్యి అతని వీపు నిమరడం మొదలుపెట్టింది. అతను ఏడుపు ఆపేశాక కూడా నిమురుతూనే ఉంది. ఆపితే అతను తలెత్తి ఆమె మొహం చూస్తాడు.