బండి మీద దింపినట్టు

ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. చిన్నప్పుడే చచ్చుబడిన ఎడమకాలితో ఎక్కువసేపు నిలబడలేనని పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు తట్టనే లేదు. కాలరు దగ్గర ముడత మాత్రం ఇట్టే కనిపిస్తుంది. బల్ల మీద ఒక కాగితం పడేసి, "నేను సంతకం పెట్టేశా. నువ్వూ పెట్టెయ్, నెలాఖరుకి డబ్బు పడుతుంది" అన్నారు.

చదివాను. "నా భార్యను రోజూ నా బండి మీద ఆఫీసులో దింపి, సాయంత్రం తీసుకొచ్చాను."

రెండో అంతస్తు ఎక్కలేకపోతున్నాను, కింద సీటివ్వండి అని అడిగిన పాపానికి మా అధికారి నన్ను ఊరి చివరి ఆఫీసుకు బదిలీ చేశాడు. "అక్కడ మెట్లుండవు, హాయిగా ఉండండి" అని నవ్వాడు కూడా. మెట్లు లేవు సరే, బస్సూ లేదు. రెండేళ్ళు ఆటోల్లో తిరిగాను. జీతం వచ్చినట్టే వచ్చి ఇంటి ఖర్చుల పేరుతో ఆయన చేతికి పోయేది. ఆటోల కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టాను. వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు పెడితే, నాకు జరిగింది వివక్షేనని, ప్రయాణ ఖర్చులు తిరిగివ్వాలని చివరికి ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు ఆఫీసు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను.

తీరా చూస్తే రసీదులు కావాలట. లెక్కల గుమాస్తా జాలిపడింది. "ఆటోవాళ్ళు రసీదులిస్తారా మేడమ్, మన పిచ్చిగానీ! మీవారు దింపారని రాయించుకురండి, పెట్రోలు లెక్క కట్టిచ్చేస్తాం. అందరూ చేసేదేగా."

అందరూ చేసేదే. మరి నాకెందుకు మనసొప్పడం లేదు? మొదటిరోజే ఆయన్ను అడిగాను, దింపుతారా అని. "ఆ కర్ర పట్టుకుని నువ్వు వెనక కూర్చుంటే దారిపొడుగునా జనం మననే చూస్తారు. ఆటోలో పో" అన్నారు. ఒకసారి వానలో ఆటో దిగుతూ బురదలో బోర్లాపడ్డాను. ఇంటికొస్తే మా అత్తగారు, "చీర నానబెట్టమ్మా, మరకలు పోవు" అంది. దెబ్బ తగిలిందా అని అడిగిన దిక్కు లేదు.

"ఏంటంత ఆలోచన? పుణ్యానికి పోతే పాపం ఎదురైందట. నీ కోసం సంతకం పెడితే మొహం అలా పెడతావేం?"

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "పెట్టెయ్యమ్మాయ్. మొగుడు దింపాడంటే నీకే గౌరవం."

ఈ నెల దాటితే గొలుసు వేలానికి పోతుంది. అమ్మది నాకు మిగిలింది అదొక్కటే. అప్పడగడానికి కూడా ఇంకో గడప లేదు. ఒక్క సంతకం, అంతే. రెండేళ్ళు నన్ను ప్రేమగా మోసిన మొగుడు కాగితం మీద పుడతాడు. రోజూ కర్రతో ఆటోలెక్కి దిగిన నేను మాత్రం ఎక్కడా ఉండను.

ఇస్త్రీపెట్టె ఆపి కూర్చున్నాను. ఆయన రాసినదంతా అడ్డంగా కొట్టేసి, కింద నా చేత్తో రాసి సంతకం పెట్టాను:

"నన్ను ఎవరూ దింపలేదు. నా భర్త రోజూ ఈ ఆఫీసు ముందు నుంచే బండి మీద తన పనికి వెళ్ళేవాడు."