నడిచే మిషను

ఆయనకి అమ్మడం చేతకాదని కాదు, ఏది అమ్మాలో తెలియదు. బట్టలు కుట్టి ఇల్లు నెట్టుకొస్తున్న ఆ ఇల్లాలికి మొగుడిమీద ఒళ్ళు మండటానికి అదొక్కటి చాలదూ!

షేర్లు రెండే రెండు కంపెనీలవి కొన్నాడు మహానుభావుడు. మందుల కంపెనీది కాస్త పెరిగిందో లేదో, చేతికొచ్చిన లాభం చాలని అమ్మేశాడు. ఆ డబ్బు తీసుకెళ్ళి పంపుల కంపెనీలో పోశాడు. అది పడింది. మళ్ళీ కొన్నాడు. ఇంకా పడింది.

"తగ్గినప్పుడే కొనాలే. సగటు రేటు దిగుతుంది," అని ఆమెకే పాఠం చెప్పాడు.

"పోయేదాన్ని వదిలించుకోవయ్యా బాబూ!"

"అమ్మితేనే నష్టం. అమ్మకపోతే నష్టమెక్కడిది? కొన్న రేటుకి రానీ, ఆ క్షణమే అమ్మేస్తా."

ఆయన వదిలేసిన మందుల షేరు మాత్రం రెట్టింపయింది. ఆ మాటెత్తితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

ముందుగదిలో కుట్టుమిషన్లు రెండు. ఆయన మోజుపడి కొన్న కొత్తది మోటారు కాలి మూలన పడుంది. ఆమె చవగ్గా కొనుక్కున్న పాతది మాత్రం చక్కగా నడుస్తోంది. దానిమీదే బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. అనుకున్న రోజుకి ఇస్తే ఏడాదంతా ఆ బడి పని ఆమెదే.

ఓ రోజు ఆమె బజారుకెళ్ళి గుండీలు కొనుక్కుని వచ్చేసరికి పాత మిషను చోటు ఖాళీగా ఉంది.

"అమ్మేశా. కొన్నదానికంటే ఎక్కువే వచ్చిందే!" అన్నాడు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. "ఆ డబ్బుతో పంపుల షేర్లు ఇంకొన్ని కొన్నా."

ఆమె మూలకి చెయ్యి చూపించింది. "మరి అది?"

"దాన్నిప్పుడమ్మితే సగం కూడా రాదు. మంచి ధర వచ్చేదాకా ఉండనీ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! యూనిఫారాలు నీ ఫోన్లో కుట్టనా?"

కత్తిరించిన బట్టంతా మూటగట్టింది. కత్తెర, టేపు సంచిలో పడేసింది. వీధి చివర అక్క ఇంట్లో మిషనుంది.

"ఎక్కడికే?"

"ఈ ఇంట్లో పనికొచ్చేవన్నీ అమ్మేశావు. ఇక మిగిలింది నేనొక్కదాన్నే. నన్ను కూడా బేరం పెట్టకముందే పోతున్నా. పాడైనవన్నీ నువ్వే ఉంచుకో, కాపలా కాసుకో!"

తలుపు దభాలున పడింది. ఆయన కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. మార్కెట్టు మూసేదాకా ఇంకా కాస్త టైముంది.